ల్యాప్ స్టీల్ తెలుగు వేదిక ఎక్కితే: హైదరాబాద్ వాద్యకారుడి స్టేజ్ సెటప్ మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని వాద్యకారుడు హైదరాబాద్‌లో పాత సినిమా పాటల ఆర్కెస్ట్రాలతో ఆరు తీగల ల్యాప్ స్టీల్ వాయిస్తారు. ఒడిలో అడ్డంగా పెట్టుకుని, తీగల మీద ఉక్కు బార్ జరుపుతూ వాయించే ఎలక్ట్రిక్ గిటార్ ఇది. ఆర్కెస్ట్రా వాళ్లలో చాలామంది దాన్ని ఇప్పటికీ హవాయన్ గిటార్ అనే పిలుస్తారు. ఆయన కార్యక్రమాలు మూడు రకాల చోట్ల జరుగుతాయి. రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ లాంటి ఆడిటోరియాలు ఒక రకం. బంజారాహిల్స్ లామకాన్ లాంటి చిన్న ఆరుబయలు వేదికలు ఇంకో రకం. శివార్లలోని ఫంక్షన్ హాళ్లు, గార్డెన్లలో పెళ్లి సంగీత్‌లు, రిసెప్షన్లు మూడోది. ఆదాయం ఎక్కువగా వచ్చేదీ, ఇబ్బందులన్నీ పుట్టేదీ ఈ మూడో రకంలోనే.

ఆయన చెప్పిన ఇబ్బందులు నాలుగు. ఆంప్ (యాంప్లిఫయర్) ఆన్ చేయగానే అడుగున ఆగకుండా మూలిగే చప్పుడు, అంటే హమ్ము. పాదంతో శబ్దం పెంచి తగ్గించే వాల్యూమ్ పెడల్ సగం వెనక్కి తీస్తే టోను దుప్పటి కప్పినట్టు మూగబోవడం. సగం కార్యక్రమం అయ్యేసరికి శ్రుతి కిందికి జారడం. నిర్వాహకులు నేల మీద కూర్చోమన్నప్పుడు వాల్యూమ్ పెడల్ అసలు వాడలేకపోవడం. హమ్ము కోసం ఆయన అప్పటికే ఒక నాయిస్ గేట్ కొన్నారు, కొత్త పికప్ (తీగ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) కూడా వెతుకుతున్నారు. ఆయన సెటప్‌ను సరిచేసిన మా దృష్టిలో ఈ క్రమమే తలకిందులు. ల్యాప్ స్టీల్‌కు ముందు కరెంటు, కూర్చునే తీరు, మోనిటర్ (వాద్యకారుడు వినేందుకు పెట్టే స్పీకర్) కుదరాలి. ఆ తర్వాతే పికప్పులు, పెడల్స్ మీద డబ్బు పెట్టాలి.

నాయిస్ గేట్ ఈ వాద్యానికి ఎందుకు పనికిరాదో మొదటే చెప్పాలి. గేట్ స్వరం ఆగినప్పుడు మాత్రమే శబ్దాన్ని మూస్తుంది, స్వరం మోగుతున్నంతసేపూ హమ్ము కింద వినిపిస్తూనే ఉంటుంది. పైగా ల్యాప్ స్టీల్ అందమంతా సాగి సాగి సన్నబడే తోకలో ఉంటుంది. గేట్ ఆ తోకనే కత్తిరిస్తుంది. ఈ కేసులో మేం మొదట తీయించింది అదే.

వచ్చినప్పటి సామాను

గట్టి చెక్కతో చేసిన ఆరు తీగల వాద్యం, 22.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు), ఒకే ఒక సింగిల్ కాయిల్ (ఒకే వైరు చుట్ట ఉన్న) పికప్, ఒక వాల్యూమ్, ఒక టోన్. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కు వేసే 10 సెట్టు (మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట పది) తీగలనే సి6 శ్రుతికి సరిపెట్టుకుని వాడుతున్నారు. బార్ 22 మి.మీ. వ్యాసం, 83 మి.మీ. పొడవు ఉన్న బుల్లెట్ రకం, బరువు 220 గ్రాముల పైనే. 500 కిలోఓమ్‌ల పాసివ్ వాల్యూమ్ పెడల్, డిలే (ప్రతిధ్వని), రివర్బ్ (హాలు మార్మోగుడు) పెడల్స్. అమెరికా నుంచి బంధువుల ద్వారా తెప్పించుకున్న 15 వాట్ల వాల్వ్ ఆంప్. అది 120 వోల్టులది కాబట్టి 230 వోల్టులను దించే కన్వర్టర్ ఒకటి. పెడల్స్ అన్నింటికీ కలిపి ఒకే అడాప్టర్, దాని నుంచి గొలుసు వైరు.

తీగలు, బార్

సి6 అంటే కింది నుంచి పైకి సి, ఇ, జి, ఎ, సి, ఇ. బార్ నిటారుగా ఒకచోట పెడితే ఆరో, ఐదో, నాలుగో తీగల మీద మేజర్ కార్డు, మూడో, రెండో, మొదటి తీగల మీద మైనర్ కార్డు దొరుకుతాయి. ఐదో మెట్టు (ఫ్రెట్ గీత) మీద పై మూడు తీగలు మీటితే డి మైనర్, కింది మూడు మీటితే ఎఫ్ మేజర్. పాట పాటకూ శ్రుతి మారే ఆర్కెస్ట్రాలో ఇది పెద్ద సౌకర్యం. గాయని ఐదున్నర శ్రుతి అడిగినా, గాయకుడు ఒకటిన్నర అడిగినా తీగలు తిప్పాల్సిన పని లేదు, బార్ జరిపితే చాలు. అందుకే శ్రుతి మార్చమని మేం చెప్పలేదు. తీగలు మాత్రం మార్చాం.

10 సెట్టులోని మొదటి తీగ 22.5 అంగుళాల స్కేల్ మీద ఇ శ్రుతికి బిగిస్తే లాగుడు ఆరు కిలోల లోపే ఉంటుంది. దాని మీద పావు కిలోకు దగ్గరగా ఉన్న బార్ పెడితే తీగ కిందికి కుంగుతుంది. కుంగితే శ్రుతి పైకి పోతుంది, బార్ ఎత్తే క్షణంలో జరజరమని చప్పుడు వస్తుంది. ఈ శ్రుతికి, ఈ స్కేల్‌కు మేం వేసినవి మొదటి తీగ నుంచి వరుసగా 15, 18, 22, 26, 30, 36 (అంగుళంలో వెయ్యో వంతులు). నాలుగో తీగ నుంచి కిందివి చుట్టుతీగలు. వీటితో ఒక్కో తీగ మీద లాగుడు 10 నుంచి 13 కిలోల మధ్యకు వస్తుంది, ఆరూ కలిపి సుమారు 70 కిలోలు. మొదటి తీగ మీద లాగుడు రెట్టింపు దాటింది కాబట్టి బార్ కింద స్వరం నిలకడగా నిలబడుతోంది. ఇదే సెట్టును ఓపెన్ డి శ్రుతికి తిప్పుకోవచ్చనే ఆలోచన మాత్రం వద్దు. ఓపెన్ డి లో ఆరో తీగ దాదాపు ఒక స్థాయి కిందికి, మామూలు గిటార్ ఆరో తీగ కన్నా కూడా కిందికి వెళ్తుంది. దానికి వేరే మందం తీగ కావాలి. రెండు శ్రుతులు కావాలంటే రెండు వాద్యాలు పెట్టుకోవాలి.

బార్‌ను 19 మి.మీ. వ్యాసం, 73 మి.మీ. పొడవుకు తగ్గించాం. బరువు 160 గ్రాముల దగ్గరికి వస్తుంది. దిగుమతి బార్ కోసం ఆగక్కర్లేదు. బాలానగర్ పారిశ్రామికవాడలో లేత్ పనివాళ్లకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్, కొలతలు రాసిచ్చి, ఒక కొసను అర్ధగోళంగా, రెండో కొసను బొటనవేలు ఆనేలా కొద్దిగా గుంతగా తీయమంటే చేసిపెడతారు. లేత్ పని తర్వాత 800, 1200, 2000 నంబరు నీళ్ల కాగితాలతో వరుసగా రుద్ది, చివర గుడ్డచక్రం మీద పాలిష్ పట్టించాలి. గోటితో గీకితే తగిలే గీత ఏదైనా ఉంటే అది ప్రతి జారులోనూ ఉస్సుమని వినిపిస్తుంది. బార్‌ను కారు తాళాలతో ఒకే జేబులో వేసుకోవడం ఎంత నష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మే నెలలో ఆరుబయట వాయించేటప్పుడు అరచేతి చెమటకు బార్ జారుతుంది. ప్రతి రెండు పాటలకూ పొడి గుడ్డతో తుడవడం తప్ప నమ్మదగిన ఉపాయం లేదు. పౌడరు తీగల చుట్ల మధ్య పేరుకుని వాటి కాంతిని చంపుతుంది.

శ్రుతి ఎందుకు జారింది

ఏసీ గదిలో శ్రుతి చేసుకుని వచ్చి వేదిక దీపాల కింద కూర్చుంటే తీగలు వేడెక్కి సాగుతాయి, శ్రుతి దిగుతుంది. ఇది అందరికీ తెలిసిందే. అన్ని తీగలూ ఒకేలా దిగవు అన్నది మాత్రం చాలామంది గమనించరు. చెక్క మారకుండా తీగ ఒక్కటే 10 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే, లెక్క ప్రకారం మొదటి తీగ 20 సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) దగ్గర, మూడో తీగ 40 సెంట్ల దగ్గర దిగుతుంది. కారణం మూడో తీగ చుట్టులేని 22. దాని మందానికి తగినంత బిగువు దానిలో లేదు. బిగువు తక్కువ ఉన్న ఉక్కు, వేడికి ఎక్కువ చలిస్తుంది. మైనర్ కార్డుకు ఆధార స్వరం ఆ తీగే. అందుకే ఆయన వాయించే మైనర్ పాటలు సగం కార్యక్రమం తర్వాత పుల్లగా వినిపించేవి, మేజర్ పాటలు అంతగా కాదు.

మూడో తీగను 22 చుట్టుతీగతో మార్చాం. చుట్టుతీగలో లాగుడు మోసేది లోపలి సన్నటి ఉక్కు తీగ. దాని బిగువు చాలా ఎక్కువ, కాబట్టి వేడికి తక్కువ దిగుతుంది. నష్టం ఒకటుంది: బార్ జారినప్పుడు చుట్ల మీద గీరుడు చప్పుడు. పైభాగం సానపట్టిన చుట్టుతీగ వేస్తే అది చాలావరకు తగ్గుతుంది. రాగం మీద నెమ్మదైన జారులు వాయించే వాళ్లకు ఈ చప్పుడు ఇష్టం కాకపోవచ్చు, వాళ్లు పాత 22నే ఉంచుకుని పాటల మధ్య సరిచూసుకోవడం మేలు.

దీనితోపాటు వాద్యాన్ని వేదిక మీదికి అరగంట ముందే తెచ్చి, దీపాలు వెలిగించాక శ్రుతి చేయడం అలవాటు చేసుకోవాలి. ట్యూనింగ్ కీ మీద చుట్టు రెండు మూడుకు మించకూడదు.

ట్యూనర్ సున్నా చూపించిన చోట అన్ని తీగలూ ఆపేయడం కూడా సరికాదు. మేజర్ కార్డు పూర్తిగా తియ్యగా మోగాలంటే సి నుంచి చూసినప్పుడు ఇ 14 సెంట్లు, ఎ 16 సెంట్లు కిందికి ఉండాలి. అంత దింపితే పక్కన కీబోర్డుతో కొట్లాట వస్తుంది. ఆర్కెస్ట్రాలో కీబోర్డు తప్పదు కనుక రెండు ఇ తీగలనూ, ఎ తీగనూ ఆరేసి సెంట్లు దింపి అక్కడ ఆపాం. ఇది మధ్యేమార్గం. హార్మోనియం, తబలాతో మాత్రమే వాయించే రోజున కూడా ఇదే ఉంచొచ్చు. తంబూరా ఒక్కటే తోడున్నప్పుడు పూర్తిగా దింపి వినండి, తేడా చెవికే తెలుస్తుంది.

కూర్చునే తీరు

మన వేదికల్లో సగం చోట్ల కళాకారులు పరుపు, తెల్లదుప్పటి మీద బాసింపట్టు వేసుకునే కూర్చుంటారు. గోటువాద్యం (తీగల మీద ముక్క జరుపుతూ వాయించే వీణ) వాళ్లకు ఇది సహజం. విశ్వమోహన్ భట్ మోహన వీణను (ఒక రకం స్లైడ్ గిటార్) నేల మీద కూర్చునే ఒడిలో పెట్టుకుని వాయిస్తారు. ఆ పద్ధతుల్లో స్వరం పెంచడం, తగ్గించడం అంతా కుడిచేతి మీటులోనే ఉంటుంది, పాదానికి పని లేదు. పాత పాటల్లో హవాయన్ గిటార్ వాటం వేరు. మీటిన చప్పుడు వినపడకుండా స్వరం ఉబికి రావాలి. అది వాల్యూమ్ పెడల్ పని, మడిచిన కాలుతో కుదరదు.

రెండు అమరికలు చేశాం, మూడోదాన్ని వద్దన్నాం.

కుర్చీ ఒప్పుకునే చోట: చేతులు లేని స్టూలు, ఎత్తు 43 నుంచి 45 సెం.మీ. ఆయన ఎత్తుకు తొడలు నేలకు సమాంతరంగా వచ్చేది అక్కడే. ఫంక్షన్ హాల్ ప్లాస్టిక్ కుర్చీకి చేతులుంటాయి, వెనక్కి వాలి ఉంటుంది. అందులో వాద్యం తల ఎడమ చేతికి తగిలి, మెట్ల గీతలు ఏటవాలుగా కనిపిస్తాయి. స్టూలు ఇంటి నుంచే తీసుకెళ్లాలి. పట్టుపంచె మీద వాద్యం జారుతుంది కాబట్టి ఒడిలో అల్మారా అరల్లో పరిచే రబ్బరు జాలీ ముక్క వేయాలి.

నేల తప్పనిచోట: 16 సెం.మీ. ఎత్తున్న చిన్న చెక్కపీట మీద వాద్యం, కాళ్లు పీట కింద. స్వరాన్ని ఉబికించే పని కుడిచేతి చిటికెన వేలుకు అప్పగించాం. ఇందుకు వాద్యం మీది వాల్యూమ్ నాబ్ మొదటి తీగకు 30 నుంచి 35 మి.మీ. దూరంలో ఉండాలి, సులువుగా తిరగాలి. ఈ వాద్యంలో నాబ్ 60 మి.మీ. దూరంలో ఉంది. కంట్రోల్ ప్లేట్‌ను తిప్పి బిగిస్తే దగ్గరికొచ్చింది, చెక్కకు కొత్త రంధ్రం పెట్టాల్సిన అవసరం రాలేదు.

వద్దన్నది కీబోర్డు ఎక్స్ స్టాండ్ మీద వాద్యం పెట్టి నిలబడి వాయించడం. ఆయన బరువు ఒక పాదం మీద వేసి రెండో పాదంతో పెడల్ నడపాలి. మూడు గంటల రిసెప్షన్‌కు నడుం తట్టుకోదు.

చూపు గురించి ఒక మాట. మామూలు గిటార్‌లో వేలు మెట్టు వెనక పడుతుంది, ఇక్కడ బార్ సరిగ్గా గీత మీద నిలవాలి. 12వ మెట్టు దగ్గర ఒక మి.మీ. పక్కకు పోతే తేడా ఆరు సెంట్లు, 24వ గీత దగ్గర 12 సెంట్లు. తల పక్కకు వంచి చూస్తే గీత ఒకచోట, బార్ ఇంకోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. మెరిసే ఫ్రెట్‌బోర్డు మీద దీపం పడితే గీతలే కనిపించవు. 5, 7, 9, 12 గుర్తుల పక్కన అంచు మీద తెల్లటి మ్యాట్ టేపు ముక్కలు అంటించాం.

హమ్ము: ఒకే డబ్బాలో రెండు దోషాలు

ఈ కేసులో ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. ఏ పరికరాన్నీ నిందించే ముందు ఈ వరుసలో చూశాం.

1. వాద్యం మీది వాల్యూమ్ సున్నా చేయాలి. హమ్ము అలాగే ఉంటే తప్పు ఆంప్, పెడల్స్ లేదా కరెంటు వైపు. పూర్తిగా పోతే పికప్ బయటి నుంచి పట్టుకుంటోంది. ఇక్కడ చాలావరకు తగ్గింది, కొంత మిగిలింది. అంటే రెండు వైపులా దోషముంది.

2. వాల్యూమ్ పూర్తిగా పెట్టి, స్టూలు మీదే వాద్యాన్ని నెమ్మదిగా పక్కకు తిప్పాలి. హమ్ము ఒక దిశలో పెరిగి, దానికి లంబంగా తిప్పినప్పుడు తగ్గితే అది అయస్కాంత క్షేత్రం నుంచి వస్తోంది. దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉందన్నమాట.

3. తీగలను చేత్తో తాకాలి. బుర్రుమనే చప్పుడు కొద్దిగా తగ్గడం మామూలే. తాకగానే జివ్వుమంటే అక్కడితో ఆపి, మీటర్ తీయాలి.

రెండో పరీక్షలో దొరికింది కన్వర్టర్. అది ఆయన కుడికాలి పక్కన, పికప్‌కు అర మీటరు లోపే ఉంది. ఇనుప డబ్బాలోని ఆ ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ క్షేత్రాన్ని నేరుగా సింగిల్ కాయిల్ మీదికి పంపుతోంది. కన్వర్టర్‌ను రెండున్నర మీటర్ల అవతల ఆంప్ వెనక్కి జరపగానే ఆ భాగం పోయింది. పికప్ గుంతలో రాగి రేకు అంటిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. రాగి రేకు డిమ్మర్ల నుంచి, సీరియల్ లైట్ల నుంచి వచ్చే గరగరను ఆపుతుంది కానీ ట్రాన్స్‌ఫార్మర్ హమ్మును ఆపదు. దానికి దూరం, దిశ, లేదంటే హమ్‌బకర్ (హమ్మును రద్దు చేసుకునే రెండు చుట్టల పికప్), ఈ మూడే మార్గాలు.

మూడో పరీక్షలో చేతికి సన్నగా జివ్వుమంది. కన్వర్టర్ ముందు వైపు మూడు పిన్నుల ప్లగ్, వెనక అమెరికా తరహా మూడు రంధ్రాల సాకెట్ ఉన్నాయి. చూడడానికి అంతా సరే. మీటర్‌తో ప్లగ్ ఎర్త్ పిన్ను నుంచి ఆంప్ ఛాసిస్ (లోహపు చట్రం) దాకా చూస్తే కలయికే లేదు. లోపల ఎర్త్ వైరు వేయనే లేదు. ఆంప్ ఛాసిస్, దాని ద్వారా తీగలు, దేనికీ కట్టుబడకుండా తేలుతున్నాయి. పైగా ఈ తరహా కన్వర్టర్లలో ఎక్కువ భాగం ఆటోట్రాన్స్‌ఫార్మర్లు. మెయిన్స్‌కూ ఆంప్‌కూ మధ్య విడివిడి చుట్లు ఉండవు. ఎర్త్ లేకుండా దాన్ని వాడటం ప్రాణాల మీదికి తెచ్చే పని. అలాంటిదాన్ని బాగుచేయించడం కన్నా, ఎర్త్ తెగకుండా బయటికొచ్చే 500 వోల్ట్-ఆంపియర్ కన్వర్టర్‌ను ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాళ్లకు చెప్పి చేయించాం. ప్లగ్ ఎర్త్ పిన్ను నుంచి ఛాసిస్ దాకా ఒక ఓమ్ లోపే రావాలి, వచ్చాకే ఆంప్ తగిలించాం.

కన్వర్టర్ వోల్టేజీని దించుతుంది, 60 హెర్ట్జ్‌ను 50 నుంచి పుట్టించదు. ఆంప్ వెనక 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే దాని ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ ఎక్కువ వేడెక్కుతుంది. 50/60 అని ఉంటే భయం లేదు. ఈ ఆంప్ మీద రెండూ ఉన్నాయి.

పెడల్స్ గొలుసు వైరును తీసి, వేరువేరు అవుట్‌పుట్లు ఉన్న పవర్ సప్లై పెట్టాం. డిజిటల్ డిలేకి 300 మిల్లీఆంపియర్లు, మిగతావాటికి తలా 100. గొలుసు మీద డిజిటల్ పెడల్ ఉంటే సన్నటి కీచు మిగతా పెడల్స్‌లోకి పాకుతుంది.

జనరేటర్ ఉన్న చోటు

సామాను బాగుపడ్డాక కూడా ఒక ఫంక్షన్ హాల్లో జివ్వుమనడం మళ్లీ వచ్చింది. అక్కడి స్టేజ్ సాకెట్‌లో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 228 వోల్టులు, ఫేజ్‌కూ ఎర్త్‌కూ 131, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ 97. మామూలుగా ఫేజ్-ఎర్త్ 230 దగ్గర, న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. రెండు అంకెలు ఇలా సగం సగం పంచుకుంటే ఎర్త్ ఎక్కడో తెగిందని, లేదా జనరేటర్ న్యూట్రల్‌ను భూమికి కట్టలేదని అర్థం. అప్పుడు కీబోర్డు అడాప్టర్లు, ఎల్‌ఈడీ వాల్ సప్లైలు వడపోత కెపాసిటర్ల ద్వారా కొద్దికొద్దిగా వదిలే కరెంటు అంతా ఎర్త్ వైరు మీద చేరి, మిక్సర్ ఛాసిస్‌ను, మైకులను, తీగలను సగం మెయిన్స్ దగ్గర తేలుస్తుంది. తడి పచ్చిక మీద చెప్పులు లేకుండా కూర్చున్న మనిషికి అది తెలుస్తుంది.

దీన్ని వాద్యకారుడి వైపు నుంచి సరిచేయలేం. హాల్ ఎలక్ట్రీషియన్‌తోనే ఎర్త్ కలిపించాలి. ఆయన కిట్‌లో మల్టీమీటర్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) ఉన్న బోర్డు పెట్టించాం. సౌండ్ వాళ్లు లైన్లు వేయగానే తీగకూ మైకు జాలీకీ మధ్య, తీగకూ నేలకూ మధ్య ఏసీ వోల్టేజీ కొలవాలి. పది వోల్టులు దాటితే ప్లగ్ తీసేసి, సరిచేసేవరకు మళ్లీ పెట్టకూడదు. ఎర్త్ లేనిచోట ఆర్‌సీసీబీ జివ్వుమనడాన్ని ఆపదు, మనిషి ద్వారా కరెంటు పారినప్పుడే విడిపోతుంది. అది ఆఖరి రక్షణ మాత్రమే. ప్లగ్ ఎర్త్ పిన్నుకు టేపు చుట్టి హమ్ము తగ్గించే అలవాటు ఇంకా కొందరికి ఉంది. దయచేసి ఎవరూ చేయొద్దు, పక్కవాళ్లను చేయనివ్వొద్దు. హమ్ము పుట్టించే ఎర్త్ లూప్ తెంచాలంటే డీఐ బాక్స్ (వాద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు పంపే పెట్టె) మీద, సిగ్నల్ వైరు గ్రౌండ్‌ను విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ అందుకే ఉంది.

గార్డెన్ కార్యక్రమాలకు ఆంప్ తీసుకెళ్లడం మానిపించాం. వాద్యం, ట్యూనర్, పెడల్స్ రీఛార్జ్ పవర్ బ్యాంకు మీద, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ డీఐ బాక్స్. ఈ అమరికలో మెయిన్స్‌కు నేరుగా తగిలేది ఏదీ ఆయన దగ్గర లేదు. ఇలాంటప్పుడు గ్రౌండ్ లిఫ్ట్ వేయకూడదు. వేస్తే తీగలకు ఏ ఆధారమూ లేక గరగర ఇంకా పెరుగుతుంది.

పెడల్ సగంలో టోను ఎందుకు పోయింది

500 కిలోఓమ్ పెడల్‌లో స్వరం సగానికి దిగే చోట బయటికి కనిపించే అవరోధం 125 కిలోఓమ్‌లు. పెడల్ నుంచి ఆంప్ దాకా ఆరు మీటర్ల వైరు. వైరు కెపాసిటెన్స్ మీటరుకు 100 పికోఫారడ్‌లు వేసుకుంటే 600. ఈ రెండూ కలిసి 2.1 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచి పైదంతా కోసేస్తాయి. పూర్తిగా నొక్కినప్పుడు మెరుపు, వెనక్కి తీయగానే మబ్బు.

బఫర్ (సిగ్నల్‌కు బలమిచ్చే చిన్న సర్క్యూట్) పెట్టుకుంటే పోతుందని సాధారణ సలహా. పెడల్‌కు ముందు పెడితే పోదు, ఎందుకంటే ఆ 125 కిలోఓమ్‌లు పెడల్‌లోనే పుడుతున్నాయి. 500 పెడల్ ఉంచుకుంటే బఫర్ దాని తర్వాత, చిన్న ప్యాచ్ వైరుతో రావాలి. లేదంటే బఫర్ ముందుంచి పెడల్‌నే 25 కిలోఓమ్‌కు మార్చాలి. అప్పుడు అవరోధం ఆరు కిలోఓమ్‌లకు కాస్త పైన, కోత వినికిడి హద్దు దాటిపోతుంది. బఫర్ లేకుండా 25 పెడల్‌ను నేరుగా పికప్‌కు తగిలిస్తే మాత్రం టోను మొదటి నుంచే చచ్చిపోతుంది. ఆయన ట్యూనర్‌లో బఫర్ బైపాస్ ఉంది కాబట్టి కొత్త పెట్టె కొనలేదు. వాద్యం, ట్యూనర్, 25 కిలోఓమ్ పెడల్, డిలే, రివర్బ్, ఆంప్, ఇదే వరుస. డిలే ఎప్పుడూ వాల్యూమ్ పెడల్‌కు తర్వాతే ఉండాలి, వాల్యూమ్ మూసినా తోక మిగలాలి కదా. డిలే సమయం పాట వేగంతో కుదరాలి: 60,000ను నిమిషానికి పడే దెబ్బలతో భాగిస్తే ఒక దెబ్బకు మిల్లీసెకన్లు వస్తాయి. 84 వేగం పాటకు 714. ఫంక్షన్ హాల్లో రివర్బ్ అక్కర్లేదు, రేకుల కప్పు అంతకన్నా ఎక్కువే ఇస్తుంది.

మిక్సర్, మోనిటర్

డీఐ నుంచి నేరుగా పీఏలోకి (హాలు స్పీకర్లలోకి) వెళ్తే హార్న్ స్పీకర్లలో ల్యాప్ స్టీల్ గాజు గీసినట్టు ఉంటుంది. గిటార్ ఆంప్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన తనంతట తానే పడిపోతుంది, పీఏ పడదు. సౌండ్ చూసే మనిషికి ఇచ్చే కాగితంలో ఇవి రాశాం: 100 హెర్ట్జ్ కింద కోత, 5 కిలోహెర్ట్జ్ పైన కోత, 2.5 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య మూడు డెసిబెల్స్ తగ్గింపు. సి6లో అట్టడుగు స్వరం 131 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి 100 కింద కోస్తే సంగీతం ఏమీ పోదు.

మోనిటర్ విషయంలో మేం పట్టుబడతాం. మెట్లు గీతలే తప్ప ఎత్తుగా లేని వాద్యం, శ్రుతి చెవి మీదే ఆధారపడింది. ఆయన మోనిటర్‌లో అప్పటిదాకా ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ తాళవాద్యం), గాయకుడి గొంతు గట్టిగా, కీబోర్డు లేనట్టే వచ్చేవి. శ్రుతి జారడంలో కొంత పాపం దీనిదే. ఇప్పుడు కీబోర్డు, తన వాద్యం సమానంగా, గొంతు కొంచెం తక్కువగా, తాళం అస్సలు లేకుండా అడుగుతున్నారు. తాళం వేదిక మీద ఎలాగూ వినిపిస్తుంది. కూర్చునే చోటు కూడా ఆక్టోప్యాడ్ పక్క నుంచి కీబోర్డు పక్కకు మారింది, అయితే కీబోర్డు అడాప్టర్‌కు ఒక మీటరు ఎడంగా.

ఇప్పటి స్థితి

ఆడిటోరియాల్లో వాల్వ్ ఆంప్, దాని ముందు ఒక డైనమిక్ మైకు, హమ్ము సమస్య లేదు. నేల మీద కూర్చునే చోట చిటికెన వేలి పద్ధతి ఇంకా చేతికి పూర్తిగా పట్టలేదు, నెమ్మదైన పాటల్లో బాగుంది, వేగమైన వాటిలో ఆయన దాన్ని వదిలేసి మీటుతోనే నడిపిస్తున్నారు. తీగలు నెలకొకసారి మారుస్తున్నారు, మూడో తీగ ఎప్పుడూ ఒకటి అదనంగా కిట్‌లో ఉంటుంది.

మిగిలిన సమస్య ఎల్‌ఈడీ వాల్. వెనక రెండు మీటర్ల లోపు గోడంత తెర పెట్టిన రిసెప్షన్లలో, వాద్యాన్ని ఏ దిశలో తిప్పినా గరగర పూర్తిగా పోవడం లేదు, కొంత రాగి రేకుతో తగ్గింది. ఒకదాని మీద ఒకటి రెండు కాయిల్స్ ఉండే హమ్ము లేని పికప్ ఇక్కడ నిజంగా అవసరమే. అయితే ఆ రకానికి లోతు ఎక్కువ కావాలి, ఈ వాద్యంలో పికప్ గుంత 19 మి.మీ. మాత్రమే. గుంత తవ్వకముందు పికప్ కింది భాగం, మాగ్నెట్ల కొసలు, వైరు మలుపు అన్నీ కలిపి కొలిచి, తీగల కిందికి మూడు మి.మీ. ఖాళీ మిగులుతుందో లేదో చూడాలి. మిగలకపోతే పికప్‌ను కాదు, తీగలు ఆనే బ్రిడ్జి ఎత్తును, దానితోపాటు అవతలి కొసన ఉండే నట్ ఎత్తును మార్చాల్సి వస్తుంది.